శుక్రవారం సాయంత్రపు డిప్లాయ్‌మెంట్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేయడం (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చడం), పరీక్షించడం, సర్వర్‌లోకి చేర్చడం (డిప్లాయ్‌మెంట్) అనే మూడు పనులనూ మనిషి చేతి నుంచి యంత్రానికి అప్పగించడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. తమ పేర్లు, సంస్థల పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరివీ తీసివేసి ఊళ్ల పేర్లు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: మాది ఆరుగురు పనిచేసే చిన్న సంస్థ. ధాన్యం వ్యాపారులకు బిల్లులు, లెక్కల అప్లికేషన్ తయారుచేస్తాం. కొత్త వెర్షన్‌ను సర్వర్‌లోకి ఎక్కించే పని మొదటి నుంచీ మా సీనియర్ ఒక్కరే, ప్రతి శుక్రవారం సాయంత్రం చేస్తున్నారు. ఇంట్లో పెళ్లికని ఆయన సెలవు పెట్టిన వారం, ఆయన నోటుపుస్తకంలో రాసిపెట్టిన 17 పనుల జాబితా చూసుకుంటూ నేను చేశాను. పదకొండోది దాటేశాను. సోమవారం దాకా బిల్లుల్లో పాత పన్ను రేట్లే పడ్డాయి. సీఐ పెట్టుకోమని అందరూ అంటున్నారు. ఆరుగురికి అదంతా అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి? – విజయవాడ పాఠకుడు

జవాబు: ముందుగా ఒక మాట: మన వైపు సీఐ అనగానే పోలీసు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గుర్తుకొస్తారు గనుక, ఇక్కడ చెప్పుకునేది కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ (మార్పులను తరచూ కలిపి, కలిపిన ప్రతిసారీ యంత్రంతో బిల్డ్, టెస్టులు చేయించడం) గురించి అని కొత్త పాఠకులు గమనించాలి. ఇక మీ ప్రశ్నకు వస్తే, అవసరమే. ఆరుగురే ఉన్నచోట మరింత అవసరం, ఎందుకంటే పెద్ద సంస్థలో ఆ పని తెలిసినవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, మీ దగ్గర ఒక్కరే ఉన్నారు. పదకొండో అంశం దాటేసినందుకు మీరు నొచ్చుకోనక్కరలేదు. పదిహేడు పనులను వరుస తప్పకుండా, ఒక్కటీ మరవకుండా వారం వారం చేయమంటే ఎవరైనా ఏదో ఒక వారం తడబడతారు. మీ సీనియర్ ఇన్నాళ్లూ తడబడలేదంటే, జాబితాకెక్కని మరో నాలుగైదు పనులు కూడా ఆయన చేతికి అలవాటైపోయి ఉంటాయని నా అనుమానం.

ఇలాంటి పొరపాటు ఎంత దూరం పోగలదో తెలియాలంటే నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ల వ్యాపార సంస్థకు 2012 ఆగస్టు 1న జరిగినది చూడాలి. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా, చేత్తో ఆ పని చేసిన ఉద్యోగి ఏడింటిలోనే పెట్టాడు. ఎనిమిదో సర్వర్‌లో 2003 తర్వాత ఎవరూ వాడని పాత కోడ్ ఒకటి అలాగే మిగిలి ఉంది. కొత్త కోడ్ కోసం మళ్లీ వాడుకున్న పాత ఫ్లాగ్ (ఒక పనిని ఆన్, ఆఫ్ చేసే మీట) ఒకటి దాన్ని నిద్రలేపింది. మార్కెట్ తెరిచాక సుమారు 45 నిమిషాల్లో ఆ సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మార్కెట్ తెరవకముందే వాళ్ల వ్యవస్థ నుంచి ఆ లోపాన్ని సూచించే ఈమెయిళ్లు 97 వెళ్లాయి, కానీ ఎవరూ వాటిని హెచ్చరికలుగా తీసుకోలేదు. పైపెచ్చు, కంగారులో మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసివేయడంతో ఆ ఏడూ కూడా పాత కోడ్‌నే నడపసాగాయి. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2013లో 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేస్తూ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఆ డిప్లాయ్‌మెంట్‌ను రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమం ఏదీ లేకపోవడం. నోటుపుస్తకమైనా ఉంది కాబట్టి ఆ ఒక్క విషయంలో మీరు వాళ్లకంటే నయం.

ఆ నోటుపుస్తకమే మీ ఆరంభం. మీ కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే వెబ్ సేవ) ఉందనుకుందాం; గిట్‌ల్యాబ్ వంటి చోట్ల ఉన్నా పద్ధతి ఇంచుమించు ఇదే. రిపాజిటరీలో (మీ ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) చుక్కతో మొదలయ్యే గిట్‌హబ్ అనే ఫోల్డర్, దానిలో వర్క్‌ఫ్లోస్ అనే ఫోల్డర్, అందులో యామెల్ అనే పద్ధతిలో రాసిన ఒక సెట్టింగుల ఫైల్ పెట్టాలి; దాన్నే వర్క్‌ఫ్లో అంటారు, దాన్ని నడిపే సదుపాయం పేరు గిట్‌హబ్ యాక్షన్స్. ఎప్పుడు నడవాలి, ఏ రకం యంత్రం మీద నడవాలి, ఏ వరుసలో ఏమేం చేయాలి అన్న మూడు సంగతులు ఆ ఫైల్‌లో ఉంటాయి. ఎవరైనా కోడ్ పుష్ చేసినప్పుడు (తమ మార్పులను గిట్‌హబ్‌కు పంపినప్పుడు) లేదా పుల్ రిక్వెస్ట్ (మార్పులను కలుపుకోమనే వినతి) తెరిచినప్పుడు గిట్‌హబ్ ఒక కొత్త వర్చువల్ యంత్రాన్ని తెరిచి, అందులోకి మీ కోడ్ దించి, మీరు రాసిన వరుసలో పనులు చేసి, ఆ యంత్రాన్ని పారేస్తుంది. ఇందులో అసలు విలువ ఆ పారేయడంలోనే ఉంది. మీ సీనియర్ కంప్యూటర్‌లో మూడేళ్ల క్రితం ఎవరో చేత్తో పెట్టిన లైబ్రరీ ఉండవచ్చు, ఎక్కడా రాయని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాం బయట పెట్టే అమరిక) ఉండవచ్చు. కొత్త యంత్రానికి అవేవీ తెలియవు కాబట్టి, జాబితాలో లేని పని ఏదైనా ఉంటే అది మొదటి రోజే బయటపడుతుంది. యామెల్‌లో ఎడమ పక్క ఖాళీలకు అర్థం ఉంటుందనీ, అక్కడ ట్యాబ్ పనికిరాదు, స్పేసులే వాడాలనీ గుర్తుంచుకుంటే మొదటి గంట చిరాకు తప్పుతుంది.

పదిహేడింటినీ ఒకేసారి యంత్రానికి ఎక్కించకండి. మొదటి వారం బిల్డ్ ఒక్కటే పెట్టండి. తర్వాత టెస్టులు; టెస్టులే లేకపోతే, పన్ను లెక్క సరిగా వస్తోందో లేదో చూసే నాలుగు టెస్టులతో మొదలుపెట్టండి, ఎందుకంటే మీకు దెబ్బ తగిలింది అక్కడే. ఆ రెండూ నిలకడగా నడుస్తున్నాయన్న నమ్మకం కుదిరాక డిప్లాయ్‌మెంట్ ముట్టుకోండి. అప్పుడైనా ముందుగా పరీక్షా సర్వర్‌కే పంపి, అసలు సర్వర్‌కు పంపే ముందు మీ సీనియర్ గానీ మీరు గానీ ఒక బటన్ నొక్కి అనుమతించేలా ఉంచండి. మరొక జాగ్రత్త: పరీక్షా సర్వర్‌కు ఒకసారి, అసలు సర్వర్‌కు ఇంకోసారి వేర్వేరుగా బిల్డ్ చేయవద్దు. ఒకసారి తయారైన ఫైల్‌నే రెండు చోట్లకూ పంపాలి; లేకపోతే మీరు పరీక్షించినది ఒకటి, వ్యాపారుల దగ్గరికి వెళ్లినది ఇంకొకటి అవుతుంది.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. బహిరంగ రిపాజిటరీలకు గిట్‌హబ్ మామూలు యంత్రాలు ఉచితం. ప్రైవేటు రిపాజిటరీలకు ఉచిత ఖాతాలో నెలకు 2,000 నిమిషాలు ఇస్తున్నారు. ఒక్కో బిల్డ్ అయిదు నిమిషాలు తీసుకున్నా నెలకు నాలుగు వందల సార్లు నడపవచ్చు, కాబట్టి మీ ఆరుగురికి అది సరిపోవాలి.

ప్రశ్న: కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, కంటిన్యువస్ డెలివరీ, కంటిన్యువస్ డిప్లాయ్‌మెంట్ ఒకటేనా? ఇంటర్వ్యూలో తేడా అడిగితే తెల్లముఖం వేశాను. – గుంటూరు పాఠకురాలు

జవాబు: ఒకటి కాదు. బృందంలోని వాళ్లందరూ తమ మార్పులను రోజుకు కనీసం ఒకసారి ప్రధాన బ్రాంచ్‌లో (అందరికీ ఉమ్మడిగా ఉండే కోడ్ ప్రతిలో) కలపడం, కలిపిన ప్రతిసారీ యంత్రం బిల్డ్ చేసి టెస్టులు నడపడం మొదటిది. అలా నెగ్గిన ప్రతి వెర్షన్‌నూ ఎప్పుడు కావాలంటే అప్పుడు విడుదల చేయగల స్థితిలో ఉంచి, విడుదల నిర్ణయాన్ని మాత్రం మనిషికి వదిలేయడం రెండోది. ఆ నిర్ణయం కూడా మనిషికి వదలకుండా, నెగ్గిన ప్రతి మార్పూ నేరుగా వాడుకరుల దగ్గరికి వెళ్లిపోవడం మూడోది.

ఇంకో ప్రశ్న వేస్తే చెప్పడానికి కాస్త చరిత్ర. ఈ పేరును 1990ల తొలి సగంలో అమెరికన్ సాఫ్ట్‌వేర్ నిపుణుడు గ్రేడీ బూచ్ వాడారు. రోజుకు పలుమార్లు కలపడమనే కఠినమైన అలవాటుగా దాన్ని మార్చింది మాత్రం 1990ల చివర్లో కెంట్ బెక్ తదితరులు రూపుదిద్దిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి. నా అభిప్రాయంలో చాలా సంస్థలు మొదటి మెట్టే ఎక్కలేదు. వర్క్‌ఫ్లో ఫైల్ ఉంటుంది, టెస్టులు నెగ్గాయని పచ్చ గుర్తులు పడుతుంటాయి, కానీ ఒక్కొక్కరి బ్రాంచ్ మూడు వారాల పాటు విడిగా పెరిగి చివరికి ఒకరి మీద ఒకరు పడతారు. అక్కడ యంత్రం ఉంది, ఇంటిగ్రేషన్ లేదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ నెగ్గుతాయి. పుష్ చేశాక గిట్‌హబ్‌లో రెండు మూడు విఫలమవుతాయి. ఒక్కోసారి ఉదయం విఫలమైనవి మధ్యాహ్నం నెగ్గుతాయి. తప్పు గిట్‌హబ్‌దా, నాదా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: నూటికి తొంభై పాళ్లు మీ కోడ్‌దే, దాన్ని మీ ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ కప్పిపుచ్చింది. నాలుగు చోట్ల వెతకండి.

మొదటిది ఫైళ్ల పేర్లు. విండోస్‌లోనూ, మామూలు అమరికతో ఉన్న మ్యాక్‌లోనూ ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలను ఫైల్ పేరులో ఒకటిగానే చూస్తారు; లినక్స్ అలా చూడదు. ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఉండి, దాన్ని మీరు కోడ్‌లో చిన్న అక్షరంతో పిలిస్తే మీ దగ్గర నడుస్తుంది, లినక్స్ యంత్రంలో ఫైల్ దొరకలేదంటుంది.

రెండోది లైబ్రరీల వెర్షన్లు. నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలను నడిపే సాధనం) ప్రాజెక్టు అయితే గిట్‌హబ్ యంత్రంలో లైబ్రరీలు దించడానికి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ అనే ఆదేశం వాడండి. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ అని నమోదు చేసే లాక్ ఫైల్‌లో రాసి ఉన్న వెర్షన్లనే అది దించుతుంది; లాక్ ఫైల్‌కూ ప్యాకేజీ ఫైల్‌కూ పొంతన లేకపోతే సర్దుకుపోకుండా ఆగిపోతుంది. ఆ లాక్ ఫైల్‌ను గిట్‌లో చేర్చకుండా వదిలేసే వాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

మూడోది, ఉదయం విఫలమై మధ్యాహ్నం నెగ్గడానికి బహుశా ఇదే కారణం: గడియారం. గిట్‌హబ్ యంత్రాల గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. అది మన సమయానికి అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 వరకు మన దగ్గర తేదీ మారిపోయినా ఆ యంత్రం ఇంకా నిన్నటిలోనే ఉంటుంది. ‘నేటి తేదీ’ అని యంత్రాన్ని అడిగి, జవాబును భారత సమయంతో పోల్చే టెస్టు ఏదైనా ఆ అయిదున్నర గంటల్లో తప్పుతుంది. మీరు తెల్లవారుజామున లేచి పనిచేసే రకమైతే ఈ లోపం మీకే కనిపిస్తుంది, పది గంటలకు ఆఫీసుకొచ్చేవాళ్లకు ఎన్నటికీ కనిపించదు. టెస్టులో సమయాన్ని బయటి నుంచి అందించడం సరైన మందు. యంత్రపు టైమ్ జోన్ మార్చేయడం నొప్పి తెలియకుండా చేసే బిళ్ల మాత్రమే.

నాలుగోది మనలాంటి వాళ్లకే తగిలేది. తెలుగులో బిల్లు గానీ ధ్రువపత్రం గానీ పీడీఎఫ్‌గా తయారుచేసే ప్రోగ్రాం మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ తెలుగు ఫాంట్ ఉంది. తెలుగు ఫాంట్ లేని లినక్స్ యంత్రంలో అదే ప్రోగ్రాం అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు ముద్రిస్తుంది, పైగా తప్పు జరిగిందని చెప్పదు కూడా. కాబట్టి ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్టులోనే ఉంచండి, లేదా దాన్ని స్థాపించే పనిని వర్క్‌ఫ్లోలో రాయండి. అసలు సర్వర్‌లోనూ అదే చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా బృందంలో సగం మంది హైదరాబాద్‌లో, సగం డాలస్‌లో ఉన్నాం. హైదరాబాద్ సమయం రాత్రి 2 గంటలకు పూర్తి టెస్టులు నడవాలని షెడ్యూల్ పెడితే అక్కడ ఉదయం ఏడున్నర తర్వాత నడుస్తున్నాయి. ఎందుకు? – డాలస్ పాఠకురాలు

జవాబు: మీరు ‘0 2 * * *’ అని రాసి ఉంటారు; ఆ అయిదు గడులు వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. టైమ్ జోన్ ప్రత్యేకంగా చెప్పకపోతే అది యూటీసీలో రెండు గంటలు, అంటే మన ఉదయం 7:30. భారత సమయం రాత్రి 2 గంటలు కావాలంటే ‘30 20 * * *’ అని రాయాలి. అయితే అప్పుడు యూటీసీలో అది ముందురోజు. సోమవారం నుంచి శుక్రవారం వరకే నడవాలనుకుంటే వారం గడిలో ఆదివారం నుంచి గురువారం అని, అంటే ‘0-4’ అని వేసుకోవాలి.

కానీ మీ విషయంలో రెండు గంటలన్న ఎంపికే సరికాదనిపిస్తుంది. హైదరాబాద్‌లో రాత్రి 2 అంటే డాలస్‌లో చలికాలంలో మధ్యాహ్నం 2:30, వేసవిలో 3:30. ఊరంతా నిద్రపోయే వేళ అనుకుని మీరు పెట్టినది మీ సహోద్యోగుల పని గంటల నడిమధ్య పడుతోంది. ‘30 23 * * *’ అని పెడితే హైదరాబాద్‌లో తెల్లవారుజామున 5, డాలస్‌లో కాలాన్ని బట్టి సాయంత్రం 5:30 లేదా 6:30 అవుతుంది. సరిగ్గా గంట కొట్టే వేళకు పెట్టిన పనులు రద్దీ వల్ల ఆలస్యమవుతుంటాయి కాబట్టి నిమిషాన్ని కాస్త అటూ ఇటూ జరపండి. షెడ్యూల్ పనులు డిఫాల్ట్ బ్రాంచ్‌లో ఉన్న ఫైల్‌నే చూస్తాయి. బహిరంగ రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే అవి ఆగిపోతాయి కూడా.

ప్రశ్న: డేటాబేస్ పాస్‌వర్డ్ వర్క్‌ఫ్లో ఫైల్‌లోనే రాసి పుష్ చేశాను. మర్నాడు గుర్తొచ్చి తీసేశాను. సరిపోతుందా? బయటివాళ్లు రాసిన యాక్షన్లు (వర్క్‌ఫ్లోలో పెట్టుకునే రెడీమేడ్ పనులు) వాడడం ప్రమాదమని కూడా విన్నాను. – తిరుపతి పాఠకుడు

జవాబు: సరిపోదు. మార్పుల చరిత్రను దాచే గిట్ మరవదు, పాత కమిట్‌లో (ఒకసారి నమోదు చేసిన మార్పులో) అది అలాగే ఉంది. చరిత్రను తిరగరాసే మార్గాలు ఉన్నాయి గానీ ముందు చేయాల్సినది అది కాదు. ఈ పత్రిక పక్కన పెట్టి, ఇప్పుడే ఆ పాస్‌వర్డ్ మార్చండి. కొత్తదాన్ని రిపాజిటరీ సెట్టింగ్స్‌లోని సీక్రెట్స్‌లో పెట్టి, వర్క్‌ఫ్లోలో దాని పేరును మాత్రమే ప్రస్తావించండి. లాగ్‌లో (పరుగులో జరిగినదంతా నమోదయ్యే చోట) దాని విలువ బదులు నక్షత్రపు గుర్తులు (***) కనిపిస్తాయి. మీ సర్వర్ పెద్ద క్లౌడ్ సంస్థల దగ్గర ఉంటే శాశ్వత తాళంచెవి అసలు దాచుకోకుండా, ఓఐడీసీ పద్ధతిలో ప్రతి పరుగుకూ కొద్దిసేపే చెల్లే అనుమతి తీసుకోవచ్చు. అది ఇంకా మేలు.

మీరు విన్న ప్రమాదం నిజమే. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ ఛేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌ను దుండగులు చేజిక్కించుకున్నారు. 23,000కు పైగా రిపాజిటరీలు దాన్ని వాడుతున్నాయి. వాళ్లు చేసిందల్లా, ఆ యాక్షన్ వెర్షన్ ట్యాగులను తమ కోడ్ ఉన్న కమిట్ వైపు తిప్పడమే. ఆ కోడ్ యంత్రం మెమరీలోని రహస్యాలను తోడి లాగ్‌లో ముద్రించింది. బహిరంగ రిపాజిటరీల లాగ్‌లను ఎవరైనా చదవగలరు కదా. ట్యాగ్ అంటే కదపగలిగే బోర్డు. ఈ రోజు మీ వీధి పేరున్న బోర్డును రేపు ఇంకో వీధిలో పాతవచ్చు. అందుకే బయటి యాక్షన్‌ను వెర్షన్ పేరుతో కాకుండా, 40 అక్షరాల పూర్తి కమిట్ గుర్తుతో పిలవండి. వర్క్‌ఫ్లోకు గిట్‌హబ్ ఇచ్చే టోకెన్‌కు (తాత్కాలిక తాళంచెవికి) చదివే అనుమతి మాత్రమే ఉంచి, రాసే అనుమతిని అవసరమైన జాబ్‌కు (వర్క్‌ఫ్లోలో ఒక భాగానికి) విడిగా ఇవ్వండి. రెండు వరుసల షెల్ ఆదేశంతో అయిపోయే పనికి బయటి యాక్షన్ తెచ్చుకోకపోవడం అన్నిటికంటే చవకైన రక్షణ.

ప్రశ్న: మా బిల్డ్ 40 నిమిషాలు పడుతుంది. ఎరుపు వస్తే ఎవరూ లాగ్ చదవరు, మళ్లీ నడుపు అనే బటన్ నొక్కి టీ తాగడానికి పోతారు. – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: బిల్డ్ పది నిమిషాలు దాటకూడదన్నది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వాళ్లు గీసిన గీత, నేటికీ అది మంచి గీతే. దించుకున్న లైబ్రరీలను క్యాష్‌లో దాచడం, టెస్టులను నాలుగైదు యంత్రాలకు పంచడం, కొత్త పుష్ వచ్చినప్పుడు అదే బ్రాంచ్‌లో నడుస్తున్న పాత పరుగును రద్దు చేయించడం – ఈ మూడింటితో చాలా సమయం మిగులుతుంది. బ్రౌజర్ తెరిచి చేసే నెమ్మది టెస్టులను రాత్రి షెడ్యూల్‌కు మార్చండి.

మీ అసలు జబ్బు నలభై నిమిషాలు కాదు, ఆ బటన్. మళ్లీ నొక్కితే ఒక్కోసారి పచ్చబడుతుందని మీవాళ్లకు అనుభవం నేర్పింది. అంటే ఒకసారి నెగ్గి ఒకసారి ఓడే టెస్టులు మీ దగ్గర ఉన్నాయి. అలాంటి వాటిని గుర్తించిన రోజే ప్రధాన వరుస నుంచి తప్పించి, ఒక మనిషి పేరు, ఒక గడువు తేదీ రాసి పక్కన పెట్టండి. గడువులోగా బాగుచేయలేకపోతే తీసివేయండి. అంత కటువుగా ఎందుకంటే, ఎవరూ నమ్మని టెస్టు ఉండడం వల్ల పక్కనున్న నమ్మదగిన టెస్టుల మాట కూడా ఎవరూ వినడం మానేస్తారు.

ప్రశ్న: డిప్లాయ్‌మెంట్ చెడితే ఒక్క బటన్‌తో పాత వెర్షన్‌కు వెళ్లిపోవచ్చంటారు. మేం వెళ్లాం, అప్లికేషన్ మొత్తం పడిపోయింది. – రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: కొత్త వెర్షన్‌తో పాటు డేటాబేస్‌లో ఏదో కాలమ్ పేరు మార్చి ఉంటారు, లేదా తీసేసి ఉంటారు. కోడ్ వెనక్కి వెళ్లింది, డేటాబేస్ వెళ్లలేదు. పాత కోడ్ తనకు తెలిసిన కాలమ్ కోసం వెతికి పడిపోయింది. అలాంటి మార్పును రెండు మూడు విడుదలలుగా విడగొట్టండి. మొదటిదానిలో కొత్త కాలమ్ చేర్చి, కోడ్ రెండిటిలోనూ రాసేలా చూసి, పాత సమాచారాన్ని కొత్తదానిలోకి నింపండి. రెండోదానిలో కొత్తదాని నుంచే చదవండి. కొన్నాళ్లు గడిచి, ఇక వెనక్కి పోనక్కరలేదని తేలాకే పాత కాలమ్ తీసేయండి. పాత కాలమ్ తీసేసే వరకు, ఎప్పుడు వెనక్కి వెళ్లినా ఒక్క మెట్టు దిగితే కోడ్, డేటాబేస్ ఒకదానికొకటి సరిపోతాయి.

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జెంకిన్స్ నేర్చుకోవాలా, గిట్‌హబ్ యాక్షన్స్ నేర్చుకోవాలా? – కరీంనగర్ విద్యార్థి

జవాబు: ముందు యాక్షన్స్. మీ సొంత సర్వర్‌లో ఇవే పనులు చేసే జెంకిన్స్ పాతదని కాదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకే కవగుచి హడ్సన్ పేరుతో మొదలుపెట్టి, సన్‌ను ఒరాకిల్ కొన్న తర్వాత పేరు మీద తగాదా వచ్చి 2011లో జెంకిన్స్‌గా మారిన ఆ సాధనం నేటికీ పెద్ద సంస్థల్లో, ముఖ్యంగా కోడ్‌ను బయటి క్లౌడ్‌కు పంపకూడని బ్యాంకుల వంటి చోట్ల ఎదురవుతుంది. కానీ దాన్ని నడపాలంటే సర్వర్ కావాలి, ప్లగిన్లు సర్దుకోవాలి, వాటికి ఎప్పటికప్పుడు భద్రతా మార్పులు చేయాలి. 2019 నవంబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చిన యాక్షన్స్‌కు ఒక ఖాతా చాలు. ట్రిగ్గర్ (ఎప్పుడు నడవాలి), జాబ్ (ఏమేం చేయాలి), ఆర్టిఫాక్ట్ (తయారైన ఫైల్), సీక్రెట్ (దాచిన పాస్‌వర్డ్) అన్న నాలుగు భావనలు ఒకచోట ఒంటబట్టితే ఇంకోచోట పేర్లు మార్చుకుని కనిపిస్తాయంతే.

మీ కళాశాల ప్రాజెక్టునే తీసుకోండి. పుష్ చేసినప్పుడల్లా టెస్టులు నడిపే వర్క్‌ఫ్లో రాయండి; ఇరవై వరుసలు దాటదు. పచ్చ గుర్తు పడగానే ఆపకుండా, ఒక టెస్టును కావాలని విరగ్గొట్టి పుష్ చేసి, ఎరుపు వస్తోందో లేదో చూడండి. రాకపోతే మీ వర్క్‌ఫ్లో టెస్టులను అసలు నడపడం లేదన్నమాట. ఏ వరుసలో తప్పు ఉందో వెతకడానికి ఆ సాయంత్రం కేటాయించండి.